గడ్డికి మార్కులు

నేను జీవితంలో గోల్ఫ్ కర్ర పట్టుకున్నది మొత్తం 14 సార్లు. గోల్ఫ్ గురించి పోట్లాడింది మాత్రం అంతకు రెట్టింపు ఉంటుంది. అందులో ఒక్క పోట్లాట వల్ల దాదాపు రెండు నెలలు నాకు తిండి లేదు. అంటే మరీ పస్తులున్నానని కాదు. గోంగూర పప్పు, ముక్కల పులుసు లేవు. ఆన్‌సైట్‌కి వెళ్లి ఒంటిగా గది తీసుకున్న కుర్రాడికి రెండూ ఒకటే.

సంగతేంటంటే, ప్రాజెక్టు పని మీద నేను ఎడిన్‌బరాలో కొన్నాళ్లు ఉన్నాను. మా లీడ్ కాకినాడ ఆయన. ఇరవై ఏళ్లుగా అక్కడే స్థిరపడ్డారు. పేరు రాస్తే ఊరుకోరు గనక అన్నయ్య అనే రాస్తాను, ఎలాగూ నేను పిలిచేది అలాగే. మొదటి వారమే, "శనివారం ఏం చేస్తావయ్యా గదిలో కూచుని? రా" అని తీసుకెళ్లి నా చేతిలో ఒక కర్ర పెట్టారు. అది బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అనే పార్కు. అక్కడ చిన్న గోల్ఫ్ ఆడుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. మనకి గోల్ఫ్ అంటే పెద్ద పెద్ద కార్లు, గేటు దగ్గర సెక్యూరిటీ గుర్తొస్తాయి. అక్కడ కూరగాయల సంచీ పక్కన పెట్టి నాలుగు దెబ్బలు కొట్టి ఇంటికెళ్లే తాతగార్లు కనిపించారు. ఇదేదో మన గోటీబిళ్ల లాంటిదే అనిపించింది. అంతే, అంటుకుంది.

గోల్ఫ్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. క్రికెట్ పిచ్ గుంటూరులో అయినా లండన్‌లో అయినా 22 గజాలే. గోల్ఫ్ మైదానానికి అలాంటి కొలత లేదు. 18 హోల్స్ ఉంటాయి, ఆ మధ్యలో ఎక్కడ గుట్ట ఉండాలి, ఎక్కడ నీళ్లుండాలి, ఎక్కడ బంకర్ అనే ఇసుక గుంట తవ్వాలి అనేది తయారు చేసేవాడి ఇష్టం. వాణ్ని గోల్ఫ్ ఆర్కిటెక్ట్ అంటారు. అందుకే క్రికెట్‌లో ఓడిపోతే అంపైర్‌ని తిడతాం, గోల్ఫ్‌లో నేలని తిడతారు. నేలని తిట్టి తిట్టి, చివరికి ఆ నేల బాగుందన్న వాణ్ని తిడతారు. నా కథ సరిగ్గా ఆ రెండో దశలోది.

సాఫ్ట్‌వేర్ వాడికి ఒక జబ్బుంటుంది. దేన్ని చూసినా ఎక్సెల్ తెరవాలనిపిస్తుంది. నేను ఆడినవి, నడిచి చూసినవి కలిపి తొమ్మిది మైదానాలకి ఒక షీట్ తయారు చేశాను. నిడివి, వైవిధ్యం, న్యాయం, అడ్డంకులు ముందుగా కనిపించడం, నిర్వహణ. ఒక్కోదానికి వెయిటేజీ. నూటికి మార్కులు. చివర్లో సార్ట్ కొడితే అట్టడుగున తేలింది సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్. 41 మార్కులు.

మీకర్థం కావడానికి చెప్తున్నా, ఇది త్యాగరాజ ఆరాధనకి వెళ్లి "వాయిస్ క్వాలిటీ యావరేజ్" అని రేటింగ్ ఇవ్వడం లాంటిది. గోల్ఫ్ వాళ్లకి ఆ ఊరు పుట్టినిల్లు. అసలు 18 హోల్స్ అనే లెక్క వచ్చిందే అక్కణ్నుంచి. అంతకుముందు అక్కడ ఒక రౌండ్ అంటే 22. 1764లో తగ్గించారు, మెల్లమెల్లగా లోకమంతా దాన్నే పట్టుకుంది. అయితే నేను చూసిందేమిటి? మొదటి హోలూ చివరి హోలూ ఒకే పెద్ద పొలంలా కలిసిపోయి ఉంటాయి. 112 బంకర్లుంటే చాలావాటిని కొట్టే చోటు నుంచి చూడనే లేం. 17వ హోల్‌లో గ్రీన్‌ని ఆనుకుని రోడ్డు. బాగా కొట్టిన బంతి ఏదో గడ్డిబొడిపెకి తగిలి గుంటలోకి పోతుంది, చెత్తగా కొట్టింది గెంతుకుంటూ జెండా దగ్గరికి పోతుంది. ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ సంబంధం లేదు. మా టెస్టింగ్ టీమ్ అయితే మొదటి రోజే వెనక్కి పంపేది.

ఒక శనివారం రాత్రి అన్నయ్య ఇంట్లో భోజనాలు. ఎనిమిదిమందిమి తెలుగువాళ్లం. నేను ముద్దపప్పు గిన్నె పక్కకి జరిపి లాప్‌టాప్ తెరిచాను. అన్నయ్య షీట్ మొత్తం చూశారు. చివరి వరస దాకా చూశారు. కళ్లజోడు తీసి, "ఏవయ్యా, మీ అమ్మగారి పులిహోరకి కూడా షీటుందా? అందులో పోపుకి వెయిటేజీ ఎంత?" అన్నారు.

అందరూ పగలబడి నవ్వారు. వదిన కూడా.

మామూలుగా అయితే నేనూ నవ్వేవాణ్నే. కానీ వారం రోజులు కూచుని చేసిన షీటది. చెవులు వేడెక్కాయి. ఆయన అడిగినదాంట్లో నిజంగా ఒక ప్రశ్న ఉంది, అది నాకు వినపడలేదు, నవ్వు మాత్రం వినపడింది. "మీకేం అన్నయ్యా, ఇరవై ఏళ్లుగా ఇక్కడుండి వీళ్లు గొప్పదన్నదానికల్లా తలూపడం అలవాటైపోయింది. సొంత కళ్లతో చూడ్డం మర్చిపోయారు" అన్నాను.

ఆ మాట అన్నాక గదిలో ఫ్రిజ్ శబ్దం వినపడింది. ఇరవై ఏళ్లు పరాయి దేశంలో ఉన్నవాడితో అనకూడని మాట ఏదైనా ఉంటే అది అదే. నాకు తెలియక కాదు. తెలిసే, తగలాలనే అన్నాను. వదిన పెరుగన్నం వడ్డించారు. ఎవరూ ఏమీ అనలేదు.

సోమవారం ఆఫీసులో అన్నయ్య నా డెస్కు దగ్గరకొచ్చి, "మీరు ఆ టికెట్ క్లోజ్ చేశారా అండీ?" అన్నారు.

మీరు. అండీ. ఇంగ్లిష్‌వాడికి ఈ శిక్ష అర్థం కాదు. వాడి భాషలో అందరికీ ఒకటే పదం. మన భాషలో నిన్నటిదాకా "నువ్వు" అన్న మనిషి ఇవాళ "మీరు" అన్నాడంటే ఇంటి తలుపు మూసినట్టే, అదీ చాలా మర్యాదగా. ఆ శనివారం నుంచి పిలుపు లేదు. గోంగూర లేదు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో నేను పశ్చాత్తాపపడలేదు. ఆధారాలు వెతికాను. నా షీటు కరెక్టని ఎవరో ఒక పెద్దమనిషి చెప్పి ఉంటే, అది తీసుకెళ్లి ఆయన ముందు పెడదామని. దొరికాడు కూడా. జాషువా క్రేన్. అమెరికావాడు. పోలో, కోర్ట్ టెన్నిస్ ఆడిన గట్టి ఆటగాడు. ఈయన 1920ల మధ్యలో, ఎక్సెల్ ఎవరి కలలోనూ లేని రోజుల్లో, గోల్ఫ్ మైదానాలకి మార్కులు వేసే పద్ధతి కనిపెట్టాడు. హోల్ హోల్‌కీ బంకర్లెలా ఉన్నాయి, గ్రీన్ ఎలా ఉంది అని విడగొట్టి, అంకెలు వేసి, కూడి, శాతం కట్టాడు. బ్రిటన్‌లోని పేరున్న మైదానాల్లో ఓల్డ్ కోర్స్‌ని ఎక్కడ పెట్టాడనుకున్నారు? అట్టడుగున.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వందేళ్ల క్రితమే నా షీటు వేసినవాడున్నాడు!

క్రేన్ వాదన చాలా శుభ్రమైనది. ఆటలో అదృష్టం వీలైనంత తగ్గాలి. తప్పు కొట్టినవాడికి తప్పుకి తగ్గ శిక్ష పడాలి, బాగా కొట్టినవాడికి పడకూడదు. ఇందులో కాదనడానికేముంది? కానీ గోల్ఫ్ లోకం భగ్గుమంది. ఎదురు నిలిచినవాళ్లు చిన్నవాళ్లు కారు. మాక్స్ బేర్, 1908లో అమెరికన్ అమెచ్యూర్ పోటీలో ఫైనల్ దాకా వెళ్లినవాడు, తర్వాత మైదానాలు కట్టినవాడు. ఎలిస్టర్ మెకెంజీ, వైద్యం చదివి బోయర్ యుద్ధంలో పనిచేసి, చివరికి డాక్టరీ వదిలి గోల్ఫ్ మైదానాలు గీసినవాడు. వ్యాసాలకి వ్యాసాలు రాసుకున్నారు. బేర్ రాసిన వాక్యాలు ఎంత మెలికలంటే, ఓల్డ్ కోర్స్‌లో బంతి దారి దొరుకుతుందేమో గానీ వాటిలో క్రియాపదం దొరకదు.

నేను క్రేన్ పక్షాన నిలబడి అవన్నీ చదవడం మొదలెట్టాను. రెండు చోట్ల ఇరుక్కుపోయాను.

ఒకటి మెకెంజీ. క్రేన్ లెక్కల మనిషి, ఈయన అనుభూతుల మనిషి అయ్యుంటాడని నా ఊహ. తీరా చూస్తే, 1924లో ఓల్డ్ కోర్స్‌కి మ్యాప్ గీసింది ఈయనే. గుట్ట గుట్టా, గుంట గుంటా కొలిచి వేసిన మ్యాప్. ఇప్పటికీ గోల్ఫ్ పిచ్చివాళ్లు ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంటారు. అంటే కొలవడం దగ్గర గొడవ లేదు. నాకన్నా, బహుశా క్రేన్ కన్నా కూడా, ఆ నేలని ఎక్కువ కొలిచింది ఆ పక్షంవాడే. కొలిచినదాన్ని బట్టి మార్కులు వేశాడొకడు, మ్యాప్ గీశాడింకొకడు. తేడా అక్కడుంది.

రెండోది బేర్ అడిగిన ప్రశ్న. మెలికలు విప్పితే సారాంశం ఇదీ: బంకర్ ఉన్నది తప్పు చేసినవాణ్ని కొట్టడానికా, బాగా ఆడేవాణ్ని ఊరించడానికా? బంతిని సూటిగా ఎటు కొట్టాలని మనసు లాగుతుందో, అడ్డంకి సరిగ్గా ఆ దారిలో ఉండాలన్నాడు. అప్పుడు ఆడేవాడు ఆగుతాడు, ఆలోచిస్తాడు, తన ధైర్యాన్నీ తన చేతకానితనాన్నీ బేరీజు వేసుకుంటాడు. నా షీటులో "అడ్డంకులు కనిపించడం" అని కాలమ్ ఉంది గానీ, "ఆలోచింపజేయడం" అని లేదు. ఎంత వెయిటేజీ ఇవ్వాలో కూడా తెలియలేదు. అన్నయ్య అడిగిన పోపు ఇదే కాబోలు.

చదువుతుంటే ఇంకో సరదా కనిపించింది. మైదానాల మీద జరిగిన గొడవల్లో జోకులెలా పేలాయో చూస్తే, గొడవ ఎటు పోతుందో తెలిసిపోతుంది.

1970లో అమెరికన్ ఓపెన్ హేజెల్టిన్ అనే మైదానంలో జరిగింది. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ కట్టినది. ఆ పోటీలో రెండో స్థానంలో నిలిచిన డేవ్ హిల్‌ని మైదానం ఎలా ఉందని అడిగితే, ఎనభై ఎకరాల మొక్కజొన్నా నాలుగు ఆవులూ తక్కువయ్యాయి అన్నాడు. 150 డాలర్లు జరిమానా పడింది. ఇది నేల మీద జోకు. ఖరీదైనదే గానీ మనిషికి గాయం కాదు.

అదే ట్రెంట్ జోన్స్ అంతకుముందు, 1954 ఓపెన్ కోసం బాల్టుస్‌రాల్‌లో నాలుగో హోల్‌ని తిరగరాస్తే, మరీ కష్టంగా ఉందని క్లబ్బు సభ్యులు మొత్తుకున్నారు. ఆయన వాళ్లతోపాటు వెళ్లి, తనూ ఒక బంతి కొట్టాడు. తిన్నగా కన్నంలో పడింది! హోల్ న్యాయంగానే ఉంది కదండీ అన్నాడట. గొప్పగా ఉంది. కానీ మా ఆఫీసులో దీన్నే "నా మెషీన్‌లో పనిచేస్తోందండీ" అంటారు. ఒక్క టెస్టు పాసయితే కోడ్ మంచిదని కాదు. అవతలివాళ్ల నోరు మూతపడింది, అంతే.

నాకు నచ్చింది మూడోది. 1982లో ఫ్లోరిడాలోని సాగ్రాస్‌లో పీట్ డై కొత్తగా కట్టిన మైదానం మీద మొదటిసారి ప్లేయర్స్ చాంపియన్‌షిప్ పెట్టారు. గ్రీన్లు ఘోరంగా ఉన్నాయని ఆటగాళ్లంతా మండిపడ్డారు. గెలిచిన జెర్రీ పేట్ ఏం చేశాడో తెలుసా? టూర్ కమిషనర్ డీన్ బీమన్‌నీ, పీట్ డైనీ 18వ హోల్ పక్కనున్న చెరువులోకి తోసేశాడు. తోసేసి, వెనకాలే తనూ దూకాడు. ముగ్గురూ తడిసి ముద్దయ్యారు. తర్వాత ఆ గ్రీన్లని డై కొంత మెత్తబరిచాడు.

నా లెక్కలో మర్యాదంటే అదే. తోయొద్దని కాదు. తోస్తే నువ్వూ దూకు. ఆ శనివారం నేను అన్నయ్యని తోశాను, గట్టు మీద పొడిబట్టలతో నిలబడ్డాను.

అయితే ఇక్కడితో నేను మారిపోయాననుకునేరు. క్షమాపణ చెప్పడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఈ గోల్ఫ్ వాళ్లలో మనసు మార్చుకున్నవాడొక్కడైనా ఉన్నాడా అని వెతికాను. అక్కడ దొరికాడు బాబీ జోన్స్. 1921లో, 19 ఏళ్ల వయసులో, ఓల్డ్ కోర్స్ మీద ఓపెన్ ఆడుతూ మూడో రౌండ్లో మొదటి తొమ్మిది హోల్స్‌కే 46 దెబ్బలు కొట్టాడు. 11వ హోల్ బంకర్లో చిక్కుకుని ఒళ్లుమండి ఆట మధ్యలోనే వదిలేశాడు. ఆ మైదానమంటే అసహ్యం వేసింది. అదే మనిషి తర్వాత 1927లో అక్కడే ఓపెన్ గెలిచాడు, 1930లో అక్కడే అమెచ్యూర్ గెలిచాడు. మెకెంజీతో కలిసి అగస్టా నేషనల్ కట్టినప్పుడు ఓల్డ్ కోర్స్‌నే మనసులో పెట్టుకున్నాడు. 1958లో ఆ ఊరివాళ్లు ఆయనకి పౌరసత్వ గౌరవం ఇచ్చారు. అప్పటికే జబ్బుతో సరిగ్గా నడవలేని స్థితి. అమెరికన్లలో అంతకుముందు ఆ గౌరవం అందుకున్నది బెంజమిన్ ఫ్రాంక్లిన్.

గమనించాల్సిందేమిటంటే, జోన్స్ మనసు ఎవరో వ్యాసం రాసి మార్చలేదు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ ఆడాడు.

ఒక శుక్రవారం సాయంత్రం అన్నయ్య సిస్టమ్ షట్‌డౌన్ చేస్తుంటే వెళ్లి నిలబడ్డాను. "ఆదివారం సెయింట్ ఆండ్రూస్ వెళ్తున్నానన్నయ్యా. మీరొస్తారా?" ఆయన బ్యాగు జిప్పు వేసుకుంటూ, "ఆదివారం అక్కడ ఆట ఉండదండీ" అన్నారు. "తెలుసు. అందుకే" అన్నాను. కాసేపు చూసి, "ఎన్నింటికి ట్రైను?" అన్నారు.

ఆదివారం ఓల్డ్ కోర్స్‌కి సెలవు. గోల్ఫ్ ఉండదు, ఊరంతా వచ్చి దాని మీద నడుస్తుంది. కుక్కలు పరిగెడతాయి, పిల్లలు దొర్లుతారు. ఆ నేలకీ గొడవలు కొత్త కాదు. 1797లో అప్పుల్లో మునిగిన ఊరిపెద్దలు దాన్ని అమ్మేస్తే, కొన్నవాళ్లు కుందేళ్లు పెంచారట. గోల్ఫ్ వాళ్లకీ కుందేళ్ల వాళ్లకీ ఇరవై ఏళ్లకి పైగా నడిచింది. 1821లో ఆ ప్రాంతపు భూస్వామి ఒకాయన కొనేస్తే గానీ తెగలేదు. అంటే ఈ వందేళ్ల వాదాలన్నీ రెండో ఇన్నింగ్స్ అన్నమాట.

ఇద్దరం నడుస్తున్నాం. మాటల్లేవు. రెండేసి హోల్స్‌కి కలిపి ఒకే పెద్ద గ్రీన్ ఉంటుందక్కడ, అలాంటివి ఏడు. నేను ఊరికే లెక్కేస్తే, రెండూ పదహారూ, మూడూ పదిహేనూ, నాలుగూ పధ్నాలుగూ... ఏ జంట కూడినా 18! పైకే అనేశాను. అన్నయ్య పెదవి చివర కొంచెం కదిలింది గానీ ఏమీ అనలేదు.

14వ హోల్ దగ్గర ఆగారు. కుడివైపు రాతిగోడ, దాటితే బంతి పోయినట్టే. ఎడమవైపు బియర్డీస్ అని బంకర్ల గుంపు. మధ్యలో చదునైన చక్కటి పచ్చిక, దాన్ని స్వర్గం అనే అర్థంలో ఎలీసియన్ ఫీల్డ్స్ అంటారు. ఆ స్వర్గం దాకా నడిచి, అక్కడ నిలబడి, గ్రీన్ వైపు చూపించి, "ఇక్కణ్నుంచి ఎటు కొట్టాలి?" అన్నారు. నేను సూటిగా అని చెయ్యి చాపాను. ఇంకెటు కొడతాం? "పదండి" అన్నారు. నేను చూపించిన గీత మీదే నడిచాం. ఆ గీత తిన్నగా వెళ్లి ఒక గోతి ముందు ఆగింది. గొయ్యి అంటే మనిషి లోతు కన్నా ఎక్కువ. దాని పేరు హెల్ బంకర్. నరకం. 1970లోనూ 1978లోనూ అదే మైదానంలో ఓపెన్ గెలిచిన జాక్ నిక్లాస్, 1995లో ఈ గోతిలో పడి బయటికి రావడానికి నాలుగు దెబ్బలు కొట్టాడు. ఆ హోల్‌కి మొత్తం 10.

అంచున నిలబడి వెనక్కి చూశాను. నా ఎడమచేతివైపు దూరంగా రాతిగోడ, కుడిచేతివైపు ఐదో హోల్‌ది బోలెడంత ఖాళీ నేల. అటు కొడితే నరకం తప్పుతుంది గానీ, గ్రీన్ మీదికి వచ్చే కోణం మారుతుంది. వెనకే ఆగి పొట్టిగా కొట్టొచ్చు, ఒక దెబ్బ ఎక్కువవుతుంది. లేదా ధైర్యం చేసి పైనుంచి కొట్టొచ్చు. మూడు దారులు. ఏదీ తప్పు కాదు, ఏదీ ఉచితం కాదు. నా షీటులో ఈ హోల్‌కి "న్యాయం" కింద పదికి రెండు వేశాను.

అన్నయ్య పక్కకొచ్చి నిలబడ్డారు. చలిగాలి. జేబుల్లో చేతులు పెట్టుకుని, గోతిలోకి చూస్తూ అడిగారు.

"ఇప్పుడు చెప్పు. ఈసారి ఎటు కొడతావు?"

కొడతారు కాదు. కొడతావు.

నేను జవాబు చెప్పలేదు. "ఆ రోజు అలా అనాల్సింది కాదన్నయ్యా" అన్నాను. ఆయన ఇంకా గోతిలోకే చూస్తూ, "నేనూ పదిమందిలో పులిహోర జోకు వెయ్యాల్సింది కాదు. వదిన అప్పట్నుంచీ తిడుతోంది" అన్నారు. కాసేపాగి, "నువ్వన్నది మొత్తం అబద్ధమేం కాదులే. మొదటి హోల్ నాకూ నచ్చదు. ఇరవై ఏళ్లలో ఎవరితోనూ అనలేదు" అన్నారు. అనేసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశారు. ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

తిరుగు ట్రైన్లో నా షీటు అడిగి తీసుకున్నారు. వెయిటేజీల దగ్గర చాలాసేపు నసిగారు. నేను ఓల్డ్ కోర్స్ మార్కులు మార్చలేదు. ఇప్పటికీ 41 దగ్గరే ఉంది. ఆయన ఒప్పుకోరు, నేను దిగను. కాకపోతే చివర్లో ఒక ఖాళీ కాలమ్ చేర్చాను. దానికి పేరింకా పెట్టలేదు. అన్నయ్య మాత్రం "పోపు" అని పిలుస్తారు.

స్టేషన్‌లో దిగాక, "ఇంటికి రా. వదిన గోంగూర చేసింది" అన్నారు.